గిన్నెలో నగరం

ఇంట్లో గడ్డపెరుగు ఉంటే, గిన్నెను బల్లమీద పెట్టి అంచును వేలితో తట్టి చూడండి. (అమ్మ చూడకుండా చేస్తే మంచిది!) గిన్నె కదిలినట్టే ఉండదు. పెరుగు మాత్రం ఈ అంచునుంచి ఆ అంచుకు ఊగుతూ, గిన్నె ఆగాక కూడా కాసేపు వణుకుతుంది.

మెక్సికో నగరం అటువంటి గిన్నెలోనే ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో ఒకప్పుడు టెక్స్‌కోకో అనే సరస్సు. అజ్టెక్ ప్రజలు అందులోని దీవిపై పట్టణం కట్టారు. తర్వాత వచ్చిన స్పెయిన్‌వారు నీటిని బయటికి మళ్ళించారు. సరస్సు ఎండింది, నగరం దాని అడుగుమీదికి పాకింది. ఆ అడుగంతా నీరు పట్టిన మెత్తని బంకమన్ను.

1985 సెప్టెంబరు 19 ఉదయం, 350 కిలోమీటర్లకు పైగా దూరాన, పసిఫిక్ తీరంలో పెద్ద భూకంపం వచ్చింది. తీరాన రాతినేలమీది ఊళ్ళలో అంత నష్టం లేదు. దూరాన ఉన్న రాజధానిలో మాత్రం వందలాది భవనాలు కూలి, వేలాదిమంది మరణించారు. నగరంలోనే లావారాతి మీదున్న విశ్వవిద్యాలయంలో పరికరాలు చూపిన కుదుపుకు, పాత సరస్సు అడుగున నమోదైన కుదుపు నాలుగైదు రెట్లు!

ఎందుకిలా? రాతిలో వేగంగా వచ్చిన తరంగం మెత్తని మట్టిలో నెమ్మదిస్తుంది. మోసుకొచ్చిన శక్తి ఎక్కడికి పోతుంది? వేగం తగ్గినకొద్దీ ఊపు పెద్దదవుతుంది. పైగా అడుగునున్న గట్టిపొర తగిలి తరంగం వెనక్కి తిరుగుతుంది; అంత తేలికగా బయటపడలేదు.

ఒక లెక్క చేద్దాం. మట్టిపొర మందం 40 మీటర్లు, అందులో తరంగవేగం సెకనుకు 80 మీటర్లు అనుకోండి. తరంగం రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి వెళ్తే నేలకు ఒక పూర్తి ఊపు. అంటే 160 మీటర్లు, 2 సెకన్లు. ఆనాడు సరస్సు నేల చాలాచోట్ల సుమారు 2 సెకన్లకొకసారే ఊగింది.

భవనాలకూ సొంత ఊపు ఉంటుంది. అంతస్తుకు సుమారు సెకనులో పదోవంతు. అయితే 20 అంతస్తులవి కూలాలి కదా అంటారా? మంచి ప్రశ్నే. ఎక్కువగా దెబ్బతిన్నవి 6 నుంచి 15 అంతస్తులవి. మెత్తని నేలమీద నిలబడి, పగుళ్ళిచ్చేకొద్దీ భవనం ఊపు నిదానిస్తుంది. నిదానించి నేల ఊపుతో కలిసింది. ఊయలను సరైన సమయంలో నెట్టినట్టే! పొట్టి ఇళ్ళు, 44 అంతస్తుల లాటినో అమెరికానా గోపురం నిలిచాయి.

పొర మందం 20 మీటర్లే అయితే? లెక్కకట్టండి: 1 సెకను. 2017లో సరిగ్గా అదే తేదీన, ఈసారి నగరానికి దగ్గరలో, మరో భూకంపం వచ్చింది. మట్టిపొర పలచబడే సరస్సు అంచుల్లో, అంతకంటే పొట్టి భవనాలు కూలాయి.