చెవితో చదువు

చదువు అనగానే మన కళ్లెదుట మెదిలేవి పుస్తకమూ, నల్లబల్లా. చదువులో చెవికీ ఒక వాటా ఉందని తరచుగా మరచిపోతాం. అక్షరం రాని మన పెద్దలు భారత రామాయణాలు నేర్చింది చెవితోనే. సేద్యంలో కొత్త సంగతులు తెలుసుకున్నదీ చాలావరకు చెవితోనే. 1960లలో తంజావూరు ప్రాంతపు రైతులు ఆకాశవాణిలో విని, ఏ.డి.టి.-27 అనే వరి వంగడాన్ని వేసి, దానికి ‘రేడియో వరి’ అని పేరే పెట్టుకున్నారు. రేడియోలో విన్నది పొలంలో మొలిచిందన్నమాట! మరి జేబులో పట్టే చిన్న ప్లేయరులో విన్నది విద్యార్థి బుర్రలో మొలుస్తుందా? మొలవాలంటే ఎటువంటి పాఠాలు వెతకాలి, ఎక్కడ వెతకాలి, ఎలా వినాలి? నాకు తెలిసినంతలో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది ఎవరికి అవసరం?

నేను రైతు బిడ్డను. బి.ఎస్సీ. మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. శని, ఆదివారాలు ఊరికి వెళితే నారు మోయటమో, కలుపు తీయటమో, మినుము పీకటమో ఏదో ఒక పని ఉండనే ఉంటుంది. చేతులకు తీరిక ఉండదు గానీ చెవులకు ఉంటుంది. బస్సులో పోనూ రానూ నాలుగు గంటలు. నిలబడి చేసే ప్రయాణం కనుక పుస్తకం తెరవటానికి వీలుపడదు. అంతా కలిపితే వారానికి పది గంటల పైచిలుకే. హాస్టల్లో ఉండే మిత్రుడికి ఆ పది గంటలూ పుస్తకం ముందు గడుస్తాయి. ఆ తేడా చివరకు మార్కుల్లో తేలుతుంది.

ఇంకో చిక్కు ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇంగ్లీషు శాస్త్ర పదాలు కంటికి తెలుసు, చెవికి తెలియవు. ‘ఎంట్రోపీ’ అనే మాటను పుస్తకంలో చూస్తే గుర్తుపడతాం. లెక్చరర్ గారు గబగబా అంటే పట్టుకోలేం. వైవాలో జవాబు తెలిసినా నోరు పెగలదు. మొదటి సంవత్సరంలో నా పక్కన కూర్చున్న మిత్రుడు ఈ బెదురుతోనే చదువు మానేసి ఊళ్లో ట్రాక్టరు తోలుకుంటున్నాడు. లెక్కల్లో నాకంటే చురుకైనవాడు. అందుచేత నాకు ఇది కాలక్షేపం సంగతి కాదు.

చిన్న పెట్టెలో పెద్ద పాఠం

కాంపాక్ట్ డిస్కులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. రెండు చానళ్లు కనుక సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. ఎం.పి.త్రీ పద్ధతి దీన్ని బాగా కుదిస్తుంది. పక్కన ఆయిల్ ఇంజను ఆడుతుంటే చెట్టుమీది పిట్ట కూత మనకు వినపడదు కదా! అలా పెద్ద శబ్దం చాటున చెవికి అందని చిన్న శబ్దాలకు బిట్లు ఖర్చు పెట్టకపోవటమే ఇందులోని కిటుకు.

పాటకు నాణ్యత కావాలి గానీ ప్రసంగానికి ఒకే చానల్‌లో సెకనుకు 64,000 బిట్లు సరిపోతాయి. అంటే గంట పాఠానికి 28.8 మెగాబైట్లు. నాలుగు గిగాబైట్ల కార్డులో సుమారు 138 గంటల పాఠాలు పడతాయి! పెద్ద ఫైళ్లను ఇలా తగ్గించుకోవటానికి ‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కాలేజీలో నెట్ ఉన్నప్పుడు ఎక్కించుకుంటే ఊళ్లో సిగ్నల్ లేకపోయినా పాఠం ఆగదు.

ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 2007 నుంచి తన తరగతి పాఠాలను కొన్నింటిని ఉచితంగా అందరి ముందూ పెట్టింది. వీడియోతో పాటు ధ్వని ఫైలు విడిగా దొరకటం మనబోటివాళ్లకు పెద్ద సౌకర్యం. ఆచార్య రామమూర్తి శంకర్ గారి భౌతికశాస్త్రం, స్టీఫెన్ స్టెర్న్స్ గారి జీవపరిణామ పాఠాలు అందులో ఉన్నాయి. 2005లో మొదలైన ‘లిబ్రివాక్స్’లో కాపీరైటు తీరిన పుస్తకాలను స్వచ్ఛంద సేవకులు చదివి వినిపిస్తారు. డార్విన్ గ్రంథమూ, కొవ్వొత్తి మీద ఫారడే ప్రసంగాలూ అక్కడ వినవచ్చు. బి.బి.సి.లో 1998లో మొదలైన ‘ఇన్ అవర్ టైమ్’ కార్యక్రమంలో ఒక్కో అంశం మీద ఆచార్యులు కూర్చుని మాట్లాడుకుంటారు. ఫైన్‌మన్ 1961-63 మధ్య కాల్‌టెక్‌లో చెప్పిన పాఠాల టేపులు కూడా ఆ సంస్థ సైటులో వినటానికి ఉన్నాయి.

ఏది చెవికి తగినది?

దొరికిందల్లా ఎక్కించుకోవటం వల్ల కార్డు నిండుతుందేగాని బుర్ర నిండదు. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటి చెబుతాను. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు వినండి. ‘ఇదిగో ఇక్కడ చూడండి’ అని ఆచార్యులు మూడుసార్లు అన్నారంటే అది నల్లబల్ల పాఠం. దాన్ని వీడియోకే వదిలేయండి. సమీకరణాల ఉత్పాదన, కర్బన సమ్మేళనాల నిర్మాణం చెవికి లొంగవు. నిర్వచనాలు, ఒక సిద్ధాంతం పుట్టుక, ప్రయోగాల చరిత్ర, జీవపరిణామం, పర్యావరణం బాగా లొంగుతాయి. శంకర్ గారి పాఠాలవంటివి పుస్తకంలో అధ్యాయం చదివాక పునశ్చరణకు వినాలి.

ఎలా వినాలి?

ఈ విషయంలో మనకు గురువు ఫారడేయే. ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండు చేసే పనివాడు. 1812లో హంఫ్రీ డేవీ ప్రసంగాలను శ్రద్ధగా విని, విన్నదంతా రాసి, బొమ్మలు వేసి, తానే బైండు చేసి ఆయనకు పంపాడు. మరుసటి ఏడాదే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు. ఆ ప్రసంగాలు విన్నవాళ్లు ఇంకెందరో ఉండి ఉంటారు. ఫారడే వినటంతో ఆగకుండా రాశాడు, అదీ తేడా. పొలంలో విన్నదాన్ని ఆ రాత్రే పది వాక్యాల్లో తెలుగులో రాసుకోండి. కొత్త ఇంగ్లీషు పదాలను పైకి పలకండి. పది వాక్యాలు రాకపోతే మర్నాడు అదే పాఠం మళ్లీ వినాలి.

జాగ్రత్త కూడా ముఖ్యమే. రోడ్డు మీద, మోటారు స్టార్టరు దగ్గర, మందు కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకోరాదు. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

మన భాషలో ఏదీ?

1982లో ఏర్పడి, నేడు అంబేద్కర్ పేరుతో నడుస్తున్న మన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆకాశవాణి ద్వారా తెలుగులో పాఠాలు వినిపించింది. సాహిత్యం మీద, గొప్పవారి జీవితాల మీద కిరణ్‌ప్రభ గారి ప్రసంగాలున్నాయి. అయినా డిగ్రీ స్థాయి సైన్సును తెలుగులో విడమరచి చెప్పే పాఠం జేబులో వేసుకుందామంటే వెతకటానికే పొద్దు గడిచిపోతుంది.

కనుక విద్యార్థి సంఘానికి ఒక మనవి. ప్రతి సబ్జెక్టులో కష్టమైన అంశం ఒక్కటి ఎంచుకుని, మన లెక్చరర్లను పావుగంట తెలుగులో చెప్పమని అడుగుదాం. ఇంగ్లీషు పదాలను రెండేసిసార్లు పలికిస్తూ సెల్‌ఫోనులో రికార్డు చేద్దాం. పావుగంటకు 7.2 మెగాబైట్లు, వంద పాఠాలు చేసినా ఒక గిగాబైటు నిండదు. లైబ్రరీలో ఉంచితే ఎవరికి కావలసింది వారు ఎక్కించుకుంటారు. చూపు లేని సోదర విద్యార్థులకూ పనికొస్తాయి. పూర్వ విద్యార్థులు కూడా ఒక్కో పాఠం చెప్పి పంపవచ్చు.

వచ్చే జూన్‌లో తెలుగు మీడియం నుంచి మరికొందరు మన కాలేజీ మెట్లెక్కుతారు. వాళ్లు వచ్చేసరికి కనీసం పది పాఠాలైనా సిద్ధంగా ఉంచుదాం. మొదటి పాఠానికి రికార్డు చేసే పని నాది.