దగ్గు, తెమడ - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

పండుగ దినములలో కల్వకుర్తి బస్సు నిలయమున దిగువారిలో పలువురు దూర నగరములలో కూలిపనులు చేసి స్వగ్రామములకు వచ్చువారే. దేశమున ఎన్నో ఆనకట్టలకు, భవనములకు పాలమూరు కూలీలు చెమటోడ్చినారు. అట్టి కూలి యొకడు ఇల్లు చేరి నెల దినములుగా దగ్గుచున్నాడనుకొందము. సిమెంటు దుమ్ము వలన వచ్చినదని ఆతడనును. నీళ్లు మారుటచే వచ్చినదని తల్లి యనును. తెమడను పరీక్ష చేయింపవలెనను మాట మాత్రము ఎవ్వరికిని తోచదు. ఈ చిన్న లోపము వలన ఒక కుటుంబమునకు ఎంత నష్టము కలుగునో గ్రామపెద్దలు గ్రహింపవలెను. అందులకై ప్రజలు తరచుగా అడుగు ప్రశ్నలకు సమాధానములను ఇచ్చట పొందుపరచుచున్నాము.

తెమడ అనగా నేమి?

ఊపిరితిత్తులలోనికి గాలిని గొనిపోవు నాళములలో ఎల్లప్పుడును కొంత జిగురు ఊరుచుండును. గాలితో వచ్చిన దుమ్మును, సూక్ష్మజీవులును దానికి అంటుకొనును. జలుబు, పొగ, దుమ్ము లేదా వ్యాధి వలన ఈ జిగురు అధికమైనపుడు దగ్గుతో బయటపడును. అదియే తెమడ. కనుక తెమడ స్వయముగా వ్యాధి కాదు. లోపల ఏదియో జరుగుచున్నదని తెలుపు గుర్తు.

రంగును చూచి వ్యాధిని చెప్పవచ్చునా?

చెప్పరాదు. సాధారణమైన జలుబులోను తెమడ పసుపుపచ్చగా మారుట కలదు. రంగుకంటె కాలము ముఖ్యము. దగ్గు రెండు వారములకు మించినచో క్షయ కావచ్చునని అనుమానించి పరీక్ష చేయింపవలెను. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, ఆకలి మందగించుట, బరువు తగ్గుట తోడైనచో అనుమానము బలపడును. తెమడలో రక్తము కనబడినచో రెండు వారములు వేచియుండక వెంటనే వైద్యునికి చూపవలెను. తీవ్రజ్వరముతో ఛాతీనొప్పి, ఆయాసము ఉన్న పెద్దలను, వేగముగా ఊపిరి తీయుచు డొక్కలెగురవేయు పసిపిల్లలను ఒక్క పూటయైనను ఇంట ఉంచరాదు.

బీడీ, చుట్ట త్రాగువారును, కట్టెల పొయ్యి పొగలో వంటచేయు స్త్రీలును తమ దగ్గు పాతదేయని ఉపేక్షింతురు. పాత దగ్గు చాటున క్షయ దాగియుండవచ్చును. మధుమేహము గలవారు మరింత జాగరూకులై యుండవలెను.

తెమడను ఎట్లు ఇయ్యవలెను?

నోటిని మంచినీటితో పుక్కిలించి, గాలి ధారాళముగా వీచు ఆరుబయట నిలిచి, లోతుగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపలినుండి దగ్గి తెమడను డబ్బీలో ఉమియవలెను. ఉమ్మి పనికిరాదు. ఉదయము నిద్ర లేచినంతనే తీసిన తెమడ శ్రేష్ఠము. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్షయు, క్షయకు మందులును ఉచితము.

క్షయ యని తేలినచో రోగిని దూరముగా ఉంచవలెనా?

క్షయ శాపము కాదు, వంశపు దోషము కాదు. దానిని కలిగించు సూక్ష్మజీవిని రాబర్ట్ కోచ్ అను శాస్త్రజ్ఞుడు 1882 మార్చి 24న బెర్లిను నగరమున ప్రకటించెను. పూర్వము మదనపల్లె చెంత ఆరోగ్యవరము, వికారాబాదు చెంత అనంతగిరి వంటి చోట్ల రోగులను నెలల తరబడి ఉంచి చికిత్స చేసెడివారు. 1956లో మదరాసున ప్రారంభమైన పరిశోధన, ఇంటివద్దనే మందులు వాడినను రోగము అంతే చక్కగా నయమగునని నిరూపించెను. అట్లు ఇంట నున్న రోగుల వలన కుటుంబములోని వారికి అదనపు ప్రమాదము కలుగలేదనియు తెలిసెను.

రోగి తినిన కంచము వలన క్షయ అంటదు; దగ్గిన గాలి వలన అంటును. చికిత్స సక్రమముగా సాగినచో కొన్ని వారములలోనే ఆ భయమును తగ్గిపోవును. అంతవరకు నోటికి గుడ్డ అడ్డముంచుకొని దగ్గుట, తెమడను మూతగల డబ్బీలో ఉమియుట, గదిలోనికి గాలి వెలుతురు రానిచ్చుట చాలును. ఇంటిలోని తక్కినవారిని, ముఖ్యముగా పిల్లలను పరీక్ష చేయింపవలెను.

మందులు ఎంతకాలము వాడవలెను?

సామాన్యమైన క్షయకు ఆరు మాసములు. రెండవ మాసమునకే దగ్గు తగ్గి, ఒంటికి బలము వచ్చును. అసలు ప్రమాదము అప్పుడే కలదు. నయమైనదని మందులు మానినవారిలో వ్యాధి తిరుగబెట్టి, మందులకు లొంగనిదిగా మారవచ్చును. మూత్రము ఎఱ్ఱబడినదని కొందరు భయపడుదురు. అది మందు రంగే. వలస పోవువారు చికిత్సను విడువనక్కరలేదు. ఆసుపత్రిలో చెప్పినచో, పోవు ఊరికి వారి నమోదును మార్చెదరు.

పంచాయతీ చేయదగిన పనియేమి?

క్షయరహిత పంచాయతీ కార్యక్రమము 2023లో ప్రారంభమైనది. దాని ప్రకారము ఏడాదిలో వేయిమంది జనాభాకు కనీసము 30 మంది అనుమానితులను పరీక్షింపవలెను. రోగుల సంఖ్య వేయికి ఒకటికి మించరాదు. అనగా రెండువేల జనాభాగల గ్రామమున కనీసము 60 మందికి పరీక్ష జరుగవలెను. రోగులను దాచి సంఖ్యను తగ్గించుట గౌరవము కాదు. వెదకి, పరీక్షించి, నయము చేసి తగ్గించుటయే గౌరవము.

చికిత్సలో నున్నవారి పోషణకు 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండగా, 2024 నవంబరు నుండి ఆ మొత్తము 1,000 రూపాయలైనది. ఆ సొమ్ము రోగి ఖాతాకు చేరినదో లేదో సభ్యులు విచారింపవలెను. గ్రుడ్లు, పప్పులు, పాలు ఆ ఇంటికి అందునట్లు చూడవలెను.

పండుగకు వచ్చిన వలస కూలి తిరిగి బస్సెక్కక మునుపే, ఆశా కార్యకర్తతో కలసి మీ వార్డులోని ప్రతి ఇంటిలోను ఒక్క ప్రశ్న అడుగుడు: "రెండు వారములుగా దగ్గువారెవరైన ఉన్నారా?" ఉన్నారని చెప్పుటకు ఆ ఇంటివారు సిగ్గుపడని దినమున మీ గ్రామము సగము గెలిచినట్లే.