ఆరు రుచులు, ఆరు ఇళ్లు

పిల్లలూ! ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమినాడు వస్తుంది. 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. పరీక్షలు ముగిసేదీ, బదిలీ ఉత్తర్వులు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. అండమాన్‌కు వచ్చేవారి సామాను ఓడలో రావాలి. పండుగ మాత్రం సామాను కోసం ఆగదు.

మేము శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) వచ్చిన మొదటి ఉగాదికి సగం గిన్నెలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అయినా ఊళ్లో చేసినట్టే చేయాలనుకున్నాం. ఇరవై మందిని భోజనానికి పిలిచాం. బొబ్బట్లు, పులిహోర, గారెలు, పాయసం... తెల్లవారుజామున మొదలుపెట్టిన వంట మధ్యాహ్నమైనా తెమల్లేదు. ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. విస్తళ్లు వేశాక మా చిన్నవాడు అడిగాడు, "అమ్మా, పచ్చడేదీ?" అని. పరగడుపున తినాల్సిన ఉగాది పచ్చడినే మరిచిపోయాం!

ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఆలోచించాం. ఉగాదికి ముఖ్యమైనవి మూడు: షడ్రుచుల పచ్చడి, పంచాంగ శ్రవణం, పెద్దల ఆశీస్సులు. మిగతావి ఓపికను బట్టి.

మరుసటి ఏడాది భోజనానికి పిలవలేదు. ఉదయం పచ్చడికి రమ్మన్నాం. ఆరు ఇళ్లకు ఆరు రుచులు పంచాం. బెల్లం, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, మామిడికాయ తలా ఒకటి తెచ్చారు. వేపపువ్వు మాత్రం తమిళుల ఇంటి నుంచి వచ్చింది. వాళ్లు ఏప్రిల్ మధ్యలో పుత్తాండుకు వేపపువ్వు వాడతారు, అందుకని ఎండబెట్టి దాచుకున్నారట. కలిపింది పిల్లలే. పంచాంగం తాతయ్య ఊరి నుంచి ఫోన్‌లో చదివారు. గంటన్నరలో అంతా అయిపోయింది.

"బొబ్బట్లు లేని ఉగాదేమిటే?" అని అమ్మమ్మ నొచ్చుకుంది. ఆ లోటు మాకూ తెలిసింది. ఆదివారం తీరిగ్గా చేసుకుంటామన్నాం. ఇంతలో చిన్నవాడు ఫోన్ లాక్కుని, ఏ రుచి ఎవరింటి నుంచి వచ్చిందో వరసగా చెప్పాడు. ఆమె విని, "సరేలే, ఆదివారం నెయ్యి బాగా వేయండి" అంది.

పండుగను తగ్గించడం వేరు, పండుగ బరువును తగ్గించడం వేరు. బదిలీ అయిన ప్రతిచోటికీ పెద్ద గిన్నెలు రాకపోవచ్చు. ఆరు రుచుల పేర్లు మాత్రం మీతోనే వస్తాయి.

చేసి చూడండి

1. మీ ఇంటి పండుగలో తప్పనిసరి అయినవి మూడు రాయండి. వాటిని ఎందుకు చేస్తారో పెద్దలను అడగండి.
2. పండుగనాడు మీ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా తినేది ఎవరు? వారి పనుల్లో ఒకటి ఈసారి మీరు తీసుకోండి.
3. షడ్రుచుల పేర్లు, పచ్చడిలో ఒక్కో రుచినిచ్చే పదార్థం రాయండి.