పిడుదుల ద్వారా వ్యాపించే వైరస్‌లు: పశువులు, వన్యప్రాణుల్లో నిఘా

1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతుల వరుస మరణాలు కొత్త వైరస్ ఉనికిని బయటపెట్టాయి. 2011లో గుజరాత్‌లో నిర్ధారణ అయిన క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరంలో అటువంటి హెచ్చరిక లభించదు. వైరస్ సోకిన పశువులు, గొర్రెలు, మేకలు ఆరోగ్యంగానే కనిపిస్తాయి. మొదట జబ్బుపడేది మనిషే.

అందువల్ల మెదక్ జిల్లా కుల్చారం వంటి, మందల పెంపకం గల ప్రాంతాల్లో మూడు అంశాలను కలిపి పరిశీలించాలి. పశువుల రక్తంలో వైరస్ దాదాపు వారమే నిలుస్తుంది; ప్రతిరక్షకాలు చాలాకాలం ఉంటాయి కనుక రక్తరసి పరీక్ష గత సంక్రమణను తెలుపుతుంది. హయలోమా, హీమాఫైసాలిస్ పిడుదులను జాతులవారీగా వేరుచేసి జరిపే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ప్రస్తుత ఉనికిని తెలుపుతుంది. కోతుల మరణాలను వెంటనే నమోదు చేయాలి. పిడుదులను వట్టి చేతులతో నలపరాదని విస్తరణ సిబ్బంది కాపరులకు బోధించాలి.