మీ లాప్‌టాప్‌లో ఏముందో నలుగురికీ చెప్పండి

"ఈ లాప్‌టాప్‌లో లినక్స్ పనిచేస్తుందా?" నేనుండే బేసింగ్‌స్టోక్‌లో తెలుగు మిత్రులు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. కారణం మీకు తెలిసిందే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0తో పాటు, మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసరు ఉండాలి. ఆ షరతులకు తూగని లాప్‌టాప్‌లు, కీబోర్డు నుంచి తెర దాకా అన్నీ బాగున్నవి, మన ఇళ్ళలో అటకెక్కాయి. వాటిలో లినక్స్ వేసి, ఊరెళ్ళినప్పుడు తమ్ముడి కొడుక్కో, చదువుకున్న బడికో ఇద్దామని చాలామందికి ఉంటుంది. తీరా అక్కడికి వెళ్ళాక వైఫై రాకపోతే? మన సెలవులేమో రెండు వారాలే.

ఎవరో ఒకరు అదే యంత్రంలో ముందే ప్రయత్నించి, ఫలితాన్ని అందరికీ అందేలా రాసిపెట్టి ఉంటే ఈ ప్రశ్నకు జవాబు నిమిషంలో దొరుకుతుంది. ఆ రాసిపెట్టే పని ఎలా చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం. దీనికి ప్రోగ్రాములు రాయడం రానక్కరలేదు.

ఎందుకు చెప్పాలి?

1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ తన కొత్త ఆపరేటింగ్ సిస్టం గురించి ప్రకటిస్తూ, అది ఏటీ హార్డ్ డిస్కులతో తప్ప బహుశా వేరేవాటితో పనిచేయదని, తన దగ్గర ఉన్నవి అవేనని చెప్పాడు. లినక్స్‌కు మొట్టమొదటి హార్డ్‌వేర్ జాబితా అదేననుకోవచ్చు. ఇప్పుడు ఇంటెల్, ఏఎండీ వంటి కంపెనీలే స్వయంగా డ్రైవర్లు రాసి ఇస్తున్నాయి. అయినా ఒక్కో లాప్‌టాప్‌లో ఏ చిప్ దేనితో జతకట్టిందో, ఆ కలయిక ఎలా నడుస్తోందో డ్రైవరు రాసేవాళ్ళకు తెలియాలంటే, ఆ యంత్రం ఉన్నవాళ్ళు చెప్పాల్సిందే.

డబ్బా మీది పేరు చాలదు

"ఫలానా కంపెనీ వైఫై పరికరం పనిచేసింది" అని రాస్తే చాలదు. టీపీ-లింక్ వారి టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే యూఎస్‌బీ వైఫై పరికరాన్నే చూడండి. మొదటి వెర్షన్‌లో ఏథరాస్ చిప్ ఉండేది. రెండో వెర్షన్‌కు వచ్చేసరికి లోపల రియల్‌టెక్ చిప్ పెట్టారు. మోడల్ పేరు అదే, కానీ రెండింటికీ కావలసిన డ్రైవర్లు వేరు. మొదటిదాని గురించి ఎవరో మెచ్చుకుంటూ రాసినది చదివి రెండోది కొన్నవారికి ఆ మెప్పు ఎందుకూ పనికిరాదు.

అందుకే గుర్తింపు సంఖ్య ముఖ్యం. ప్రతి పీసీఐ పరికరానికీ తయారీదారు సంఖ్య ఒకటి, పరికర సంఖ్య ఒకటి ఉంటాయి. ఒక్కొక్కటీ 16 బిట్లు, అంటే హెక్సాడెసిమల్‌లో నాలుగేసి అంకెలు. ఇంటెల్ తయారీదారు సంఖ్య 8086, ఆ కంపెనీ ప్రఖ్యాత ప్రాసెసరు పేరే. యూఎస్‌బీ పరికరాలకూ ఇలాంటి జతే ఉంటుంది.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని "-ఎన్ఎన్" తో నడిపితే పేర్లూ సంఖ్యలూ కలిపి చూపిస్తుంది. యూఎస్‌బీ పరికరాలకు ఎల్ఎస్‌యూఎస్‌బీ ఉంది. ఆ పేర్లు పీసీఐ ఐడీల భాండాగారం నుంచి వస్తాయి. అక్కడ లేని పరికరం మీ దగ్గరుంటే దాని పేరును ఎవరైనా ప్రతిపాదించవచ్చు.

యంత్రం చెప్పేది, మనిషి చెప్పవలసినది

ఈ సమాచారాన్ని తనంతట తానే సేకరించే ఉపకరణాలు ఉన్నాయి. ఫెడోరా వారు 2007లో స్మోల్ట్ అనేదాన్ని తెచ్చి, 2012లో ఆపేశారు. ఇప్పుడు ఆ పనికి హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ ఉంది. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీగా దొరుకుతుంది. ఇది మీ యంత్రంలోని పరికరాలను, కెర్నెల్ సందేశాలను సేకరించి, మీరు పంపమంటే లినక్స్ హార్డ్‌వేర్ డేటాబేసుకు పంపుతుంది.

అయితే మూత వేసి తీస్తే యంత్రం మేలుకుందో లేదో, మైకులో మాట స్పష్టంగా వినబడిందో లేదో వాడి చూసినవాళ్ళే చెప్పాలి. ఈ కింది వివరాలు తప్పక రాయండి:

1. పూర్తి మోడల్ పేరు, బయోస్ వెర్షన్.
2. పంపిణీ పేరు, దాని వెర్షన్, కెర్నెల్ వెర్షన్, పరీక్షించిన తేదీ.
3. వైఫై, బ్లూటూత్, శబ్దం, మైకు, కెమెరా, వెలుతురు మీటలు, బయటి తెర, నిద్రపుచ్చి లేపడం: ఒక్కొక్కటీ విడివిడిగా.
4. పనిచేయడానికి ఏమైనా మార్చవలసి వస్తే, ఏం మార్చారో.

నా దగ్గరున్న 2016 నాటి లాప్‌టాప్ గురించి ఇలా రాశాను: "వైఫై, ఇంటెల్ 8260, సంఖ్య 8086:24ఎఫ్3, ఏ మార్పూ లేకుండా పనిచేసింది. నిద్రపుచ్చి పదిసార్లు లేపాను, పదిసార్లూ లేచింది. వేలిముద్రల పరికరాన్ని గుర్తించింది కానీ డ్రైవరు లేదు." ఇంతే. అదే మోడల్ ఉన్నవారికి వేలిముద్ర లేకపోయినా సరిపెట్టుకోవచ్చా అన్నదొక్కటే తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ పరీక్షలకు విండోస్‌ను చెరిపేయనక్కరలేదు. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చాలావరకు చూసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు

హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ సీరియల్ నంబర్లను, నెట్‌వర్క్ చిరునామాలను, యంత్రానికి మీరు పెట్టిన పేరును తొలగించి పంపేలా తయారైంది. మీరే చేత్తో రాసి పంపేటట్లయితే వాటిని మీరే తీసేయాలి. రెండోది, ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ సమాచారాన్ని ఆఫీసు అనుమతి లేకుండా పంపకండి.

మనకేమిటి?

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. తెర మీద తెలుగు చదువుకోవాలన్నా ముందు ఆ తెర వెలగాలి, అంటే గ్రాఫిక్స్ చిప్‌కు డ్రైవరు కుదరాలి. ఇక్కడ మనం పక్కన పెట్టే మోడళ్ళే పాతసామాను దుకాణాల ద్వారానో, చుట్టాల సూట్‌కేసుల్లోనో అక్కడికి చేరుతుంటాయి. మీరు రాసిన నాలుగు వాక్యాలు అక్కడ ఒక విద్యార్థికి రెండు రోజుల తంటాను తప్పించవచ్చు.

చాలామంది ఏదైనా పనిచేయనప్పుడే రాస్తారు. పనిచేసినప్పుడు కూడా రాయండి. కొనబోయేవారు వెతికేది ముఖ్యంగా ఆ సమాచారం కోసమే.