ఐర్లాండ్: వృత్తి శిక్షణలో వివక్షపై నిషేధం

ఐర్లాండ్‌లో 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం ఉద్యోగులకే పరిమితం కాదు. దాని 12వ సెక్షన్ వృత్తి శిక్షణ కోర్సులకూ వర్తిస్తుంది. సీటు నిరాకరించడం, షరతుల్లో గానీ శిక్షణ ఇచ్చే తీరులో గానీ తేడా చూపడం నిషిద్ధం. లింగం, పౌర స్థితి (సివిల్ స్టేటస్), కుటుంబ స్థితి, లైంగిక దృక్పథం, మతం, వయసు, వైకల్యం, జాతి, ట్రావెలర్ సముదాయ సభ్యత్వం అనే 9 ప్రాతిపదికల మీద ఈ నిషేధం వర్తిస్తుంది. ట్రావెలర్లు సంచార సంప్రదాయం గల ఐరిష్ సముదాయం.

మినహాయింపులూ లేకపోలేదు. యూరోపియన్ యూనియన్ పౌరులకు ఒక ఫీజు, ఇతరులకు మరో ఫీజు పెట్టవచ్చు. అక్కడ చేరిన తెలుగు విద్యార్థి ఎక్కువ కట్టినంత మాత్రాన అది వివక్ష కాదు.

ఫిర్యాదు 6 నెలల్లోపు వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు చేయాలి. తగిన కారణం చూపితే గడువును 12 నెలల వరకు పొడిగించవచ్చు. అప్పీలు లేబర్ కోర్టుకు.