ఎముకల పేర్లు – రిపోర్టు చదవడం ఎలా?

వైద్య సాయం కోరి మన దగ్గరకు వచ్చే కాగితాల్లో ఎముకల రిపోర్టులు చాలానే ఉంటాయి. వాటిని చదవడం మాకు తెలుసునని అనుకునేవాళ్ళం. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసిన ఒక పెద్దావిడ విషయంలో ఆ ధీమా పోయింది.

ఆవిడ పెరట్లో జారిపడింది. కూతురు తెచ్చిన కాగితంలో ‘ఫ్రాక్చర్ నెక్ ఆఫ్ ఫీమర్’ అని ఉంది. ‘నెక్’ అన్న మాట దగ్గరే మేము ఆగిపోయాం. మెడ విరిగిందని ఒక దాతకు ఫోన్ చేసి, మెడ పట్టీకి డబ్బు అడిగాం. ఆయన మర్నాడు స్వయంగా వెళ్ళి చూసి, “మెడ విరిగిన మనిషి నాతో తల తిప్పి మాట్లాడుతుందా మాస్టారూ?” అన్నారు. ఫీమర్ అంటే తొడ ఎముక. దాని పైభాగంలో బంతిలాంటి తల, ఆ తల కింద సన్నటి మెడ ఉంటాయి. తలకు రక్తం చాలావరకు ఆ మెడ మీదుగానే వెళుతుంది కనుక, అక్కడ విరిగితే ఆపరేషన్ ఆలస్యం చేయకూడదు. మా తెలివి వల్ల ఒక రోజు వృథా అయింది. ఆ తర్వాతే పేర్లు నేర్చుకోవడానికి కూర్చున్నాం.

పెద్దవారిలో ఎముకలు 206. అన్నీ కంఠస్థం చేయనవసరం లేదు. కాలర్ బోన్‌ను క్లావికిల్ అంటారు. భుజం నుంచి మోచేతి దాకా ఉన్నది హ్యూమరస్. ముంజేతిలో రెండు: బొటనవేలు వైపుది రేడియస్, చిటికెనవేలు వైపుది అల్నా. పాఠ్యపుస్తకాల్లో మేము వీటినే రత్ని, అరత్ని అని చెప్పేవాళ్ళం. ఏ రిపోర్టులోనూ ఆ మాటలు కనిపించలేదు. మోకాలి చిప్ప పటెల్లా. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే లావు ఎముక టిబియా, దాని పక్కన సన్ననిది ఫిబులా. కింది దవడ మాండిబుల్. ఇది రెండు ఎముకలని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పగా శతాబ్దాలపాటు అందరూ నమ్మారు. సుమారు 1200లో ఈజిప్టు కరువులో చనిపోయినవారి అస్థిపంజరాలను స్వయంగా చూసిన అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ, అది ఒకటే ఎముక అని రాశారు. పుస్తకం కన్నా కన్నే నమ్మదగినదని ఆయన వాదన. మా దాత చేసినదీ అదే కదా!

వెన్నుపూసలకు అక్షరం, అంకె ఉంటాయి. మెడలో సి1 నుంచి సి7, వీపులో డి1 నుంచి డి12 (కొందరు టి అని రాస్తారు), నడుములో ఎల్1 నుంచి ఎల్5. ‘ఎల్4-ఎల్5 డిస్క్’ అంటే నడుములో చివరి రెండు పూసల మధ్య మెత్తటి బిళ్ళ.

మాట తోకలు కూడా చూడాలి. ‘ఆస్టియో’ ఎముక, ‘ఆర్థ్రో’ కీలు, చివర ‘ఐటిస్’ వస్తే వాపు. కనుక ఆర్థ్రైటిస్ కీళ్ళవాపు. ఆస్టియోపీనియా అంటే ఎముక సాంద్రత కొంత తగ్గడం. ఆస్టియోపోరోసిస్ అంతకంటే ఎక్కువ తగ్గి ఎముక గుల్లబారడం. ఆస్టియోమైలైటిస్ మాత్రం ఎముకలో చీము పట్టే జబ్బు, ఆగదు. ‘ఓపెన్’ లేక ‘కాంపౌండ్’ ఫ్రాక్చర్ అంటే చర్మం కూడా తెగిందని, అది అత్యవసరం. ‘కమిన్యూటెడ్’ అంటే ముక్కలు ముక్కలైందని. ఎస్టిమేటులో ‘ఓ.ఆర్.ఐ.ఎఫ్’ అని ఉంటే, కోసి ప్లేటూ స్క్రూలతో బిగించడం. ప్లేటు ధర విడిగా రాశారో లేదో అడగండి.

మన ఉద్దానం వైపు నుంచి వచ్చే కాగితాలకు ఇంకో చూపు కావాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో మీకు చెప్పనక్కర్లేదు; పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభించింది అందుకే. విటమిన్ డిని శరీరానికి పనికొచ్చే రూపంలోకి మార్చేది ప్రధానంగా కిడ్నీయే. అది చెడితే రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. అందుకే కిడ్నీ రోగికి ఒళ్ళునొప్పులు, చిన్న దెబ్బకే ఎముక విరగడం. ఆ నొప్పికి దుకాణంలో అడిగి వేసుకునే డైక్లోఫినాక్ లాంటి బిళ్ళ, మిగిలిన కిడ్నీని కూడా తినేస్తుంది. కాల్షియం బిళ్ళ సైతం డాక్టరు చెప్పకుండా కొనివ్వకండి.

ఇప్పుడు ఎముకల కాగితం వస్తే క్రియాటినిన్ రిపోర్టు కూడా అడుగుతున్నాం. ఆ తరువాతే మీకు ఫోన్ చేస్తున్నాం.